పొగ కక్కుతున్న పాత స్ప్లెండర్‌కి తక్కువ ఖర్చులో హాఫ్ ఇంజన్ పని: మొదటి బోల్టు నుంచి సుంకి ఘాట్ దాకా

మా ఇంట్లో ఉన్నది 2003 నాటి హీరో హోండా స్ప్లెండర్, ఓఆర్ 10 నంబరు, అంటే మన ఒడిశా కొరాపుట్ బండే. నాన్న దాన్ని ఇరవై ఏళ్లు సెమిలిగూడ నుంచి కుందులి సంతకీ, జైపూర్‌కీ, కింద సాలూరుకీ తిప్పారు. పోయిన ఏడాది సాలూరు నుంచి ఘాట్ ఎక్కుతుంటే వెనకొస్తున్న ఆటో అతను పక్కకొచ్చి, "దోమల మందు కొడుతున్నారా గురువుగారూ" అని అడిగి వెళ్లిపోయాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి ఆయిల్ మొత్తం తాగేస్తోంది. ఒక మెకానిక్‌కి చూపిస్తే బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏదీ విప్పకుండానే "ఫుల్ ఇంజన్, పన్నెండు వేలు" అన్నాడు. అమ్మితే అంత కూడా రాదు. అందుకని నేనే విప్పాను, హాఫ్ ఇంజన్ పనికి, అంటే కింది క్రాంకు జోలికి పోకుండా పైన హెడ్డు, బ్లాకు, పిస్టన్ వరకే బాగుచేసే పనికి. క్రాంకు కూడా విప్పితే అది ఫుల్ ఇంజన్. ఒకసారి పాడు చేసుకుని, రెండోసారి సరిగ్గా చేశాను. ఆ రెండిట్లో నేర్చుకున్నది ఇది. నేను రాసేది స్ప్లెండర్, సీడీ 100 లాంటి 97.2 సీసీ ఇంజన్ల గురించి, వేరే బండి అయితే పద్ధతి ఇదే కానీ కొలతలు దాని మాన్యువల్ చూసి తీసుకోండి.

డబ్బు పెట్టేముందు కాగితాలు

సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మాది 2018లో ఒకసారి, 2023లో ఒకసారి అయింది కాబట్టి ధైర్యంగా దిగాను. మీది లాప్స్ అయిపోయి ఉంటే ముందు ఆ ఖర్చు లెక్కేసుకోండి. ఇంకో మాట, ఇంజన్ నంబరు క్రాంక్ కేసు మీద కొట్టి ఉంటుంది. స్క్రాప్‌లో హెడ్డో బ్లాకో కొంటే ఇబ్బంది లేదు, "మొత్తం ఇంజనే ఇచ్చేస్తా చవగ్గా" అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. ఆర్‌సీతో నంబరు కలవదు, పైగా అది ఎవరి బండి నుంచి ఊడిందో మీకు తెలీదు.

రోగం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

ఇక్కడ మనకి కింది ఊళ్ల వాళ్లకి లేని సౌకర్యం ఒకటుంది, ఘాట్. బండి నడిపేవాడికి తన పొగ కనపడదు కాబట్టి వెనక ఇంకో బండి మీద ఎవరినైనా రమ్మనండి. సాలూరు నుంచి సుంకి వైపు ఎక్కేటప్పుడు, యాక్సిలేటర్ నిండా తిప్పి ఉన్నప్పుడు నీలం పొగ ఆగకుండా వస్తుంటే బోరు (బ్లాకులో పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి. అదే సుంకి నుంచి కిందికి యాక్సిలేటర్ మూసి గేరులో దిగి, కింద సమతలం రాగానే ఒక్కసారి తిప్పినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే అది వాల్వు గైడు (వాల్వు కాడ జారే గొట్టం), దాని సీలు. మూసి ఉన్నప్పుడు సిలిండర్ లోపల పీల్పు ఎక్కువై గైడు సందులోంచి ఆయిల్‌ని లాక్కుంటుంది, అందుకే అలా. నల్ల పొగ అయితే ఇంజన్ విప్పనక్కర్లేదు, కార్బురేటరూ ఎయిర్ ఫిల్టరూ చూడండి. చలికాలం పొద్దున్నే వచ్చే తెల్ల ఆవిరికి భయపడకండి, మన కొండల మీద డిసెంబర్లో నోట్లోంచీ అదే వస్తుంది.

రెండో పరీక్ష కిక్కుతో. ప్లగ్గు బిగించి ఉండగానే కిక్కు కొట్టి ఎంత ఎదురు తంతోందో చూసి, తర్వాత ప్లగ్గు తీసి ఆ కంతలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. బిగువు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. కాకపోతే స్ప్లెండర్‌కి సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది, పోసిన ఆయిల్ అంతా కిందివైపే చేరుతుంది. అందుకని ప్లగ్గు లేకుండా పది కిక్కులు కొట్టి, అప్పుడు బిగించి చూడాలి. ఇది తెలీక నేను మొదట వాల్వులే పోయాయనుకున్నాను. నిజానికి రెండూ పోయాయి.

హాఫ్ ఇంజనా ఫుల్ ఇంజనా అన్నది బ్లాకు ఊడదీశాకే తెలుస్తుంది. పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి కనెక్టింగ్ రాడ్డుని పట్టుకుని ముందుకీ వెనక్కీ, అంటే పిస్టన్ నడిచే దారిలోనే, లాగి తోయండి. అలా కొంచెమైనా టకటకమంటే బిగ్ ఎండ్, అంటే రాడ్డు క్రాంకుకి కలిసే చోటి బేరింగు, పోయింది, క్రాంకు తీయాల్సిందే, అది ఇంటి దగ్గర పని కాదు. పక్కలకి కొద్దిగా కదలడం మాత్రం మామూలే, దాన్ని చూపించి ఎవరైనా ఫుల్ ఇంజన్ అంటే నమ్మకండి.

విప్పడం

ఇంజన్ని ఫ్రేములోంచి దించనక్కర్లేదు. 8, 10, 12, 14 పానాలు, మంచి టీ స్పానర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగే స్క్రూ డ్రైవర్) ఉంటే చాలు. ఇంపాక్ట్ డ్రైవర్ అద్దెకో అరువుకో తెచ్చుకోండి, కవర్ స్క్రూలని మామూలు స్క్రూ డ్రైవర్‌తో తిప్పి తల అరగదీసి తర్వాత ఉలితో కొట్టిన బండ్లు ఊరికి పది ఉంటాయి.

ముందు బయటంతా డీజిలూ బ్రష్షూ పెట్టి కడగండి, ఆరుబయటే, బీడీ తాగేవాళ్లని దూరంగా ఉంచి. మన ఎర్రమట్టి ఫిన్నుల మధ్య పిడచకట్టి ఉంటుంది, అది లోపల పడితే కొత్త పిస్టన్ కూడా పాతదే. తర్వాత ఇంజన్ కాస్త వేడిచేసి ఆయిల్ దించి తెల్ల ప్లేటులో పోసి ఎండలో చూడండి. సన్నటి బూడిద మెరుపు ఉంటే మామూలు అరుగుదల. చేతికి తగిలే పలుకులు, అయస్కాంతానికి అంటుకునే ముక్కలు ఉంటే లోపల గేరో బేరింగో పోతోంది, అప్పుడు బడ్జెట్ మళ్లీ ఆలోచించుకోవాలి.

సైలెన్సర్, కార్బురేటర్ తీసేశాక ఎడమవైపు మ్యాగ్నెట్ చక్రాన్ని తిప్పి దాని మీది టీ గుర్తుని గాటుకి కలిపి, కామ్ స్ప్రాకెట్ మీది సున్నా గుర్తు హెడ్డు గాటుకి ఎదురుగా ఉందో లేదో చూసి ఫోనులో ఫోటో తీసుకోండి. స్ప్రాకెట్ తీసేముందే టైమింగ్ చైన్‌కి ఒక తీగ కట్టి బయటికి వేలాడదీయండి, జారి లోపల పడితే దాన్ని తీసేసరికి సాయంత్రం అవుతుంది. హెడ్డు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఏ స్టడ్డు మీద ఏ వాషరు ఉందో గుర్తు పెట్టుకోండి, ముఖ్యంగా రాగి వాషరు, ఎక్కడిది అక్కడికే వెళ్లాలి. హెడ్డూ బ్లాకూ రాకపోతే చెక్కతో తట్టండి, సందులో స్క్రూ డ్రైవర్ దూర్చకండి. బ్లాకు రాగానే క్రాంక్ కేసు నోట్లో గుడ్డ కుక్కేయాలి. ఆ తర్వాతే పిస్టన్ పిన్ జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ ముట్టుకోవాలి, ఎందుకంటే అది ఎగిరితే పోయేది సరిగ్గా ఆ కంతలోకే.

కొనేముందు కొలవాలి

నా డబ్బు మిగిలింది ఇక్కడే. మా వీధిలో సునాబెడలో పనిచేసి రిటైరైన ఫిట్టర్ బాబాయ్ ఒకాయన ఉన్నారు. 1964 నుంచీ మిగ్ విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా అది, చుట్టుపక్కల ప్రతి వీధిలో మైక్రోమీటర్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. నేను కొత్త బ్లాకు కిట్ కొనడానికి జైపూర్ వెళ్తున్నానంటే, "ఒరే, కొలవకుండా కొనడానికి అదేమన్నా వంకాయా?" అని వెనక్కి పిలిచారు.

కంపెనీ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా రెండు దిక్కుల్లో, మొత్తం ఆరు కొలతలు తీశారాయన. మాది పై భాగంలో 50.14 చూపించింది, కింద 50.03. అంటే బోరు గరాటులా అరిగింది. 50.10 దాటితే ఇక రీబోర్, అంటే లేత్ షాపులో బోరుని కాస్త పెద్దది, చేయించాల్సిందే. దాటకపోతే, గీతలు గోటికి తగలకపోతే, కొత్త రింగులూ తేలికపాటి హోనింగూ (రాయితో బోరు లోపల సన్నగా గీకడం) సరిపోతాయి, నాలుగైదు వందల్లో తేలిపోతుంది. ఈ తేడా కంటితో తెలీదు. రింగు అరుగుదల మాత్రం మీరే చూసుకోవచ్చు, పాత రింగుని విడిగా బోరులో పెట్టి పిస్టన్ తలతో తిన్నగా అంగుళం లోపలికి తోసి, చివర్ల మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టండి. కొత్తదానికి 0.10 నుంచి 0.30 మధ్య ఉంటుంది, అర మిల్లీమీటరు దాటితే పని అయిపోయినట్టే. మాది 0.9!

పెద్ద సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 లెక్కన దొరుకుతాయి. అరుగుదల పోయేంత చిన్న సైజే తీసుకోండి, మాకు 0.25 సరిపోయింది. లేత్ షాపులో "ఎలాగూ తీస్తున్నాం, 0.50 వేసేద్దాం" అంటారు, ఒప్పుకోకండి, బ్లాకుకి ఇంకో జీవితం మిగలాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ముందు బోరింగ్ చేయించి తర్వాత పిస్టన్ కొనడం. అది తలకిందులు. ముందు పిస్టన్ కొని, దాన్ని బ్లాకుతో పాటు లేత్ షాపులో ఇచ్చి "ఈ పిస్టన్‌కి తగ్గట్టు తీయండి" అనాలి. ఒకే సైజు రాసి ఉన్న పిస్టన్లలో కూడా వెంట్రుకవాసి తేడాలుంటాయి. పిస్టన్‌కీ బోరుకీ మధ్య 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్ల సందు ఉండేలా తీసి, చివర హోనింగ్‌తో లోపల ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు వేయమనండి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. అద్దంలా మెరిసే బోరు తెచ్చుకుంటే రింగులు కూర్చోవు.

నేను చేసిన తప్పు

మొదటిసారి బోరింగ్ అయిన బ్లాకుని ఇంటికి తెచ్చి పెట్రోల్ గుడ్డతో తుడిచి, తళతళలాడుతోంది కదా అని బిగించేశాను. ఆరు వందల కిలోమీటర్లకి మళ్లీ పొగ. లేత్ షాపునీ, పిస్టన్నీ, అమ్మినవాణ్నీ మనసులో తిట్టుకుంటూ విప్పితే రింగుల మీద నిలువు గీతలు. బాబాయ్ వేలితో బోరు లోపల రాసి, ఆ వేలిని నా చొక్కా జేబు మీద రాశారు. బూడిదరంగు చార. హోనింగ్ రాయి పొడి. పెట్రోల్ దాన్ని కదిలిస్తుంది కానీ గీతల్లోంచి బయటికి తీసుకురాదు, అది అక్కడే ఉండి రింగుల్ని ఎమరీ పేపర్‌లా తినేస్తుంది.

అందుకని బ్లాకుకి తలంటు పోయాలి. వేడి నీళ్లు, అంట్లు తోమే సబ్బు, నైలాన్ బ్రష్షు. తోమి, కడిగి, తెల్ల పంచె గుడ్డకి ఆయిల్ రాసి లోపల తుడవండి. గుడ్డ బూడిదరంగు తేలితే మళ్లీ తోమండి. నాకు రెండోసారి ఏడు కడుగులు పట్టాయి, ఇంట్లో అమ్మ సబ్బు ఖర్చు లెక్కేసి చెప్పింది. గుడ్డ తెల్లగా వచ్చిన క్షణమే ఆరబెట్టి ఆయిల్ పూయాలి, లేకపోతే పావుగంటలో తుప్పు పడుతుంది.

హెడ్డు

వాల్వులు తీసేముందే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ దారుల్లో కొంచెం పెట్రోల్ పోసి ఐదు నిమిషాలు ఆగండి. లోపలివైపు చెమర్చితే సీటు లీకు. వాల్వుని సగం బయటికి లాగి అటూ ఇటూ ఊపితే బాగా కదిలితే గైడు అరిగింది, గైడు మార్చడం లేత్ వాళ్ల పని, కొత్త గైడు వేశాక సీటు కూడా కటింగ్ చేయాలి. గైడు బాగుంటే సీలు మార్చి, గ్రైండింగ్ పేస్టు పెట్టి రబ్బరు కప్పు కర్రతో వాల్వుని రెండు చేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పండి, ముందు గరుకు పేస్టు, తర్వాత మెత్తది. చుట్టూ ఒకే వెడల్పులో, మెరుపు లేని బూడిదరంగు వలయం రావాలి. పేస్టు ఆనవాలు కూడా మిగలకూడదు. హెడ్డు సమంగా ఉందో లేదో చూడ్డానికి మందపాటి అద్దం మీద సన్న ఎమరీ పరిచి, దానిమీద హెడ్డుని మెల్లగా ఎనిమిది అంకెలా తిప్పితే ఎక్కడ తగలడం లేదో తెలిసిపోతుంది.

అసలు ఎందుకు పోయిందో చూడకుండా బిగించొద్దు

పెట్రోల్ కొట్టించు, మూత పెట్టు, మరచిపో అన్నట్టుగా అప్పట్లో హీరో హోండా సీడీ 100 ప్రకటన ఉండేది. మనవాళ్లు పెట్రోల్‌తో పాటు ఆయిల్‌నీ, ఎయిర్ ఫిల్టర్‌నీ కూడా మరచిపోయారు. మా బండికి ఫిల్టర్ డబ్బా నుంచి కార్బురేటర్‌కి వచ్చే రబ్బరు గొట్టం అడుగున వేలెడు పగులు ఉంది, పైనుంచి చూస్తే కనపడదు. ఫిల్టర్ ఎంత కొత్తదైతే ఏం, దామన్‌జోడి వైపు ఎర్రదుమ్మంతా ఆ పగుల్లోంచి నేరుగా సిలిండర్‌లోకే. రీబోర్ చేయించి ఈ గొట్టం మార్చకపోతే ఏడాదిలో కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది కుడివైపు కవరు లోపల క్రాంకు చివర ఉండే తిరిగే ఆయిల్ ఫిల్టరు. సెంట్రిఫ్యూగల్ ఫిల్టరంటారు, ఆయిల్లోని మురికిని గిరగిరా తిప్పి అంచుకి కొడుతుంది. మాదాంట్లో నల్ల హల్వా లాంటిది గట్టిగా పేరుకుని ఉంది. దాన్నీ, కింది జల్లెడనీ కడగడానికి అయ్యే ఖర్చు ఒక సైడ్ ప్యాకింగ్, అంతే. టైమింగ్ చైన్ మోగుతుంటే అదీ, దాని రబ్బరు రోలర్లూ ఇప్పుడే మార్చేయండి, దానికి మ్యాగ్నెట్ తీయాలి, పుల్లర్‌తోనే తీయాలి, సుత్తి పెడితే క్రాంకు చివర మర పోతుంది.

బిగించడం

పాత ప్యాకింగ్‌ని బ్లేడుతో పడుకోబెట్టి గీకండి. రింగుల్లో మెరిసేది పైన, నల్లది రెండోది, అడుగున ఆయిల్ రింగు మూడు ముక్కలు, మధ్యలో ముడతలది, దానికి అటూ ఇటూ రెండు పల్చటివి. అక్షరం ఉన్న వైపు పైకి. కొత్త రింగుల సందు కూడా ఫీలర్‌తో చూడాలి, కొత్తవే కదా అని వదలొద్దు. సందులన్నీ ఒకే వరుసలో లేకుండా మూడు దిక్కులకీ తిప్పి పెట్టాలి. పిస్టన్ మీద ఐఎన్ అన్న గుర్తు కార్బురేటర్ వైపు, అంటే పైకి. సర్‌క్లిప్పులు కొత్తవే వేయండి, దాని నోరు పిస్టన్ గాటుకి ఎదురుగా రాకూడదు. డోవెల్ పిన్నులు, ఓ రింగులు మరిచిపోకండి. బ్లాకు ఎక్కించేటప్పుడు ఒకరు రింగుల్ని వేళ్లతో నొక్కిపట్టుకుంటే ఇంకొకరు మెల్లగా తోయాలి, ఎక్కడైనా ఆగితే వెనక్కి లాగి చూడండి. బలం పెడితే రింగు విరుగుతుంది.

హెడ్డు నట్లు ఎదురెదురుగా మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో మాన్యువల్లోని అంకెకి బిగించండి. మళ్లీ టీ గుర్తు, సున్నా గుర్తు, మీ ఫోటోతో సరిచూసి స్ప్రాకెట్ వేయాలి. మ్యాగ్నెట్‌ని చేత్తో అపసవ్యంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపండి, వాల్వు పిస్టన్‌కి తగులుతోంది, టైమింగ్ పన్ను తప్పింది. టాపెట్ సందు, అంటే రాకరుకీ వాల్వు కాడకీ మధ్య ఖాళీ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.05 మిల్లీమీటర్లు, రెండు వాల్వులకీ. టీ గుర్తు దగ్గర రెండు రాకర్లూ వదులుగా ఉండాలి, లేకపోతే ఇంకో చుట్టు తిప్పి చూడండి.

మొదటి కిక్కు, మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఆయిల్ పోసి ప్లగ్గు తీసేసి ఓ ముప్పై కిక్కులు కొట్టండి, ఆయిల్ పైకెక్కాలి. స్టార్ట్ అయ్యాక టాపెట్ మూత తీసి చూస్తే ఒకటి రెండు నిమిషాల్లో రాకరు తడవాలి. తడవకపోతే వెంటనే ఆపేయండి, రాగి వాషరో ప్యాకింగో తప్పు పడింది. మొదట కాసేపు పూసిన ఆయిల్ మాడి పొగ వస్తుంది, టెన్షన్ పడకండి.

నిలబెట్టి గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచితే రింగులు కూర్చుంటాయన్నది అపోహ. తిప్పాలి. 500 కిలోమీటర్ల దాకా 50 స్పీడు దాటకుండా, కానీ ఒకే స్పీడులో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ. ఇద్దరెక్కి ఘాట్ ఎక్కడం, పై గేరులో గునుస్తుంటే అలాగే లాగించడం వద్దు. 300 దగ్గర ఆయిల్ మార్చేయండి, మెరుపు చూసి భయపడకండి, మొదటిసారి అంతే. 500 దగ్గర టాపెట్ మళ్లీ చూడాలి, తప్పకుండా మారి ఉంటుంది.

నా బిల్లులు: పిస్టన్ కిట్ 900, బోరింగ్ హోనింగ్ 500, వాల్వులు సీళ్లు 650, గైడు కూలి 300, ప్యాకింగ్ సెట్ 250, చైన్ రోలర్లు 550, గొట్టం ఫిల్టరు 300, ప్లగ్గు 100, ఆయిల్ రెండుసార్లు 800. మొత్తం 4,350. సబ్బుతో కడగనందుకు ఇంకో వెయ్యి. మీ ఊళ్లో ధరలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

వెయ్యి దాటాక మళ్లీ సాలూరు దిగి, అదే ఘాట్ ఎక్కాను. తమ్ముణ్ని వెనక బండి మీద రమ్మని, పొగ కనపడితే హారన్ కొట్టమన్నాను. రెండు మలుపులు ఎక్కేసరికి ఆగకుండా హారన్. గుండె జారిపోయి పక్కకి ఆపితే వాడొచ్చి, "పొగ లేదురా అన్నయ్యా, సైడ్ స్టాండ్ తీయలేదు" అన్నాడు.